అదృశ్య తంతు మహోద్యమం

మా ఊరి ప్రభుత్వాసుపత్రికి టీవీ రావడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. జరిగిందంతా దాని వైరు వల్ల జరిగింది.

టీవీ పెద్దదే. హాల్లో మందుల కిటికీ పక్క గోడకి, అందరికీ కనపడే ఎత్తులో బిగించారు. చేతులు సబ్బుతో కడుక్కోండి, దోమల్ని ఇంట్లోకి రానివ్వకండి అని పొద్దస్తమానం చెప్పడం దాని ఉద్యోగం. ఆసుపత్రి కుళాయిలో నీళ్లు రావు, కిటికీలకి రెక్కలు లేవు. ఆ రెండూ బాగుచేయించడం కంటే టీవీ పెట్టించడం తేలికని పైవాళ్లకి తోచింది, పెట్టించారు. టీవీ అడుగునుంచి ఒక నల్ల వైరు వేలాడుతూ వచ్చి పక్కనే భుజమెత్తులో ఉన్న స్విచ్చిబోర్డులోకి పోయేది. హాలు మొత్తానికి ఉన్న ఒక్క ప్లగ్గూ ఆ బోర్డులోదే.

ప్రారంభోత్సవానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. రిబ్బను కత్తిరించి, రిమోటు నొక్కి, టీవీ కింద నిలబడి ఫోటో దిగాడు. మర్నాడు పేపర్లో పడిన ఫోటోలో ఆ వైరు సరిగ్గా ఆయన మెడ వెనకనుంచి బయల్దేరి బోర్డులోకి పోతూ కనిపించింది. ఆయన్ని ఎవరో ఛార్జింగుకి పెట్టినట్టుంది. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా. కరెంటు పోతే ఆయన ఉపన్యాసం ఆగిపోద్దా అని టీకొట్టు దగ్గర చర్చలు పెట్టారు. ఫోటోని ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు.

జనానికి నవ్వొస్తే రెండు రోజుల్లో మర్చిపోతారు. పెద్దవాళ్లకి కోపమొస్తే సర్క్యులరు వస్తుంది. ఇదీ అట్లాగే వచ్చింది. దాని పేరు 'అదృశ్య తంతు మహోద్యమం'. "ప్రజారోగ్య సంస్థల యందు విద్యుత్ తంతువులు చూపరులకు గోచరించుట సంస్థ ప్రతిష్ఠకు భంగకరమని గ్రహించడమైనది. కావున సదరు తంతువులు ఎట్టి పరిస్థితులలోనూ కనిపించరాదు" అని అందులో రాసి ఉంది. తంతువు అంటే వైరే. దాన్ని వైరు అంటే అందరికీ అర్థమైపోతుందని తంతువు అన్నారు.

ఇవన్నీ నాకెట్లా తెలుసంటే, ఆసుపత్రి గేటుకి ఎదురుగా ఉన్న ఫ్లెక్సు బ్యానర్ల కొట్టు నాది. ప్రభుత్వం ఏ ఉద్యమం మొదలెట్టినా ముందు బ్యానరు కొట్టిస్తుంది, తరవాతే ఉద్యమం ఏమిటో ఆలోచిస్తుంది. అంచేత ఏ సంగతైనా డాక్టరు కంటే నాకే ముందు తెలుస్తుంది.

ఇంకో కారణం మా తిరపతమ్మ పిన్ని. మా అమ్మ చెల్లెలు, నా దగ్గరే ఉంటుంది. వయసులో ఉన్నన్నాళ్లూ మిర్చి కొట్లలో కూర్చుని కాయలకి ముచ్చికలు తీసింది. ఆ ఘాటు ఊపిరితిత్తుల్లో చేరి మళ్లీ బయటికి పోలేదు. చలిగాలి తగిలినా, పోపు పొగ తగిలినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. పెదాలు నల్లబడతాయి. అప్పుడు చెయ్యిపట్టుకుని రోడ్డు దాటిస్తాను. నర్సు ఎస్తేరమ్మ ఆవిరి మిషన్ని హాల్లో ప్లగ్గుకి పెట్టి, అందులో మందు పోసి, పిన్ని ముక్కుకి మాస్కు తగిలిస్తుంది. మిషను గుర్రుమంటుంటే పిన్ని మొహంలోకి నెమ్మదిగా మనిషి తిరిగొస్తుంది. ఇంట్లోనే ఒకటి కొనుక్కోవచ్చు కదా అని మీరు అనొచ్చు. కొన్నాం. అది చప్పుడు చేసినంతగా ఆవిరి ఇవ్వలేదు. పైగా ఎస్తేరమ్మ చెయ్యి పడకపోతే పిన్నికి ఊపిరాడినట్టుండదు. కాబట్టి ఆ ప్లగ్గు సంగతి నాకు ఆసుపత్రి సంగతి కాదు, ఇంటి సంగతి.

ఉద్యమాన్ని నడిపించడానికి జిల్లానుంచి నోడల్ అధికారి వేదాద్రి గారు వచ్చారు. ఆయన మత్స్యశాఖ మనిషి. చేపల చెరువులు చూసే ఆయన్ని ఆసుపత్రి వైర్ల మీదికి ఎందుకు పంపారని అడిగితే, ఆయన అక్కడ ఖాళీగా ఉన్నారన్నారు. హాల్లోకి వచ్చి, టీవీ వైరుని ఎగాదిగా చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంత బాహాటంగా వేలాడుచున్నదే" అన్నారు, బట్టల్లేని మనిషిని చూసినట్టు.

డాక్టరు సుహాసిని గారు చిన్న వయసు మనిషి. ఉద్యోగం కొత్త, భయం పాత. "ఏం చెయ్యమంటారు సార్" అని మాత్రం అంది.

ఎస్తేరమ్మ ఊరుకోలేదు. "ఏముంది సార్, గోడ మీద తెల్ల ప్లాస్టిక్ పట్టీ కొట్టి అందులోంచి తీస్తే సరిపోద్ది. గోడ రంగులో కలిసిపోద్ది. ఎదురుగా కోటిలింగం అన్న కొట్లో అట్టాగే ఉంది."

నేను అవునన్నాను. మా కొట్లో మిషన్ల వైర్లన్నీ పట్టీల్లోనే ఉంటాయి. మూత లాగితే వైరు కనపడుతుంది, నొక్కితే మూసుకుంటుంది.

వేదాద్రి గారు జాలిగా చూశారు. "పట్టీ కనిపించునా, కనిపించదా?"

"పట్టీ కనపడద్ది సార్."

"పట్టీ కనిపించినచో, దాని లోపల తంతువు కలదని చూపరి గ్రహించును. గ్రహించుట చూచుటతో సమానము. ముసుగు వేసుకున్నవాడిని చూసి లోపల మనిషి లేడని అనుకుంటామా?"

సుహాసిని గారు కాస్త ధైర్యం చేసి, గోడలో పైపు వేసి, దానికి తగిన వైరు లాగి, టీవీ వెనకే ప్లగ్గు పెట్టించవచ్చు కదా అంది. వేదాద్రి గారు ఆ మాట ముందే ఎదురుచూసినట్టు తలూపారు.

"గోడలో పైపు వేయుట నిర్మాణము. నిర్మాణము ఇంజనీరింగు శాఖ వారిది. వారి సాంకేతిక అనుమతి వచ్చుసరికి మన గడువు ముగియును. మా పరిధి దాచుట మాత్రమే."

అందుకని దాచారు. ఉలి పెట్టి గోడలో గాడి కొట్టించారు. టీవీతో వచ్చిన ఆ మెత్తని వైరునే, ప్లగ్గుతో సహా, బోర్డునుంచి లాగిన ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి, బాక్సుతో సహా గాడిలో పడుకోబెట్టి, మీద సిమెంటు మెత్తి సున్నం కొట్టారు. వైరు వేడెక్కితే ఆ వేడి ఎటు పోతుందని ఎస్తేరమ్మ అడిగింది. వేడి కనిపించదు కనుక సర్క్యులరు పరిధిలోకి రాదన్నారు వేదాద్రి గారు.

ఇక స్విచ్చిబోర్డు మిగిలింది. దాన్ని పూడిస్తే టీవీ ఆన్ చెయ్యడానికి దారి ఉండదు. వదిలేస్తే, స్విచ్చి ఉన్నచోట వైరు ఉంటుందని చూపరి గ్రహిస్తాడు. ఈ చూపరి ఎవరో నేను ఎప్పుడూ చూడలేదు గాని, మా ఊళ్లో ఎవరికీ లేనంత తెలివి ఆయనకి ఉంది. వేదాద్రి గారు చాలాసేపు పచార్లు చేసి, సుహాసిని గారి గదిలో ఉన్న మహనీయుడి పటం తెప్పించి బోర్డు మీద తగిలించారు. ఆ మహనీయుడు ఎవరో చెప్పను. చెబితే మళ్లీ అదో గొడవ. ప్రతి ఆఫీసులోనూ ఉండే పెద్ద పటం, మంచి ఫ్రేము. బోర్డు పూర్తిగా దాని వెనక్కి పోయింది. స్విచ్చి వెయ్యాలంటే ఇంకనుంచి పటం కొంచెం పక్కకి జరిపి, వెనక చెయ్యి పెట్టాలి.

"మరి ఆవిరి మిషన్ని ఏడ పెట్టాలి సార్?" అంది ఎస్తేరమ్మ. "హాల్లో ఉన్న ప్లగ్గు అదొక్కటేగా. తిరపతమ్మ గారికి ఆయాసమొస్తే?"

"సదరు యంత్రమునకు కూడా తంతువు కలదు కదా."

"ఉంటది సార్. కరెంటు మిషను కదా."

"అదియే సమస్య" అన్నారు వేదాద్రి గారు. అయితే ఆయన కఠినాత్ముడు కాదు. రోగుల సౌకర్యం కూడా ముఖ్యమేనని, దానికో మార్గం చూపించారు. హాల్లో ఉన్న పాత ఇనప బీరువాని ఆ గోడకి ఆనించి పెట్టించారు. గోడలో పూడ్చిన బాక్సునుంచి ఒక వైరు తోక బయటికి తీసి, బీరువా వెనక చిల్లి పొడిచి లోపలికి రప్పించారు. ఆవిరి మిషన్ని బీరువా అరలో పెట్టారు. రోగి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, తల బీరువాలో పెట్టి, తలుపు దగ్గరికి లాక్కుని ఆవిరి పీల్చుకోవాలి.

"చూపరికి బీరువా మాత్రమే కనిపించును" అన్నారు తృప్తిగా.

మా పిన్ని మొదటిసారి ఆ బీరువాలో తల పెట్టిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. బయట ఆమె వీపు, ముడి, చీర కొంగు. లోపల గుర్రుమని చప్పుడు. మందుల కోసం వచ్చినవాళ్లు వరసలో నిలబడి చూస్తున్నారు. బయటికొచ్చాక పిన్ని మొహం తుడుచుకుని, "చీకటిగా ఉందబ్బాయ్ లోపల. పాత కాగితాల కంపు. మనిషిని కాదు, ఫైలుని అయినట్టుంది" అంది. ఎస్తేరమ్మ నేల చూపులు చూస్తూ మాస్కు కడిగి పెట్టింది.

టీవీతో ఆగుంటే బాగుండేది. కాని ఒక వైరు దాచినవాడికి లోకమంతా వైర్లే కనపడతాయి. తరవాతి తనిఖీలో వేదాద్రి గారి చూపు సుహాసిని గారి మెడమీద పడింది.

"ఆ వేలాడుచున్నది ఏమి?"

"స్టెతస్కోపు సార్."

"నల్లగా, పొడవుగా ఉన్నది."

"అది రబ్బరు గొట్టం సార్. కరెంటు ఉండదు."

"ఆ సంగతి మీకు తెలియును. చూపరికి తెలియునా?"

ఆ రోజునుంచి డాక్టరు గారు స్టెతస్కోపుని హ్యాండ్‌బ్యాగులో దాచి, రోగి గుండె చూడాల్సి వస్తే బ్యాగు మొత్తం రోగి ఛాతీ మీద పెట్టి తను వంగి వినేది. సెలైను ఎక్కించేటప్పుడు గొట్టం కనపడకుండా స్టాండుకీ రోగికీ కలిపి దుప్పటి కప్పేవాళ్లు. వార్డులోకి తొంగిచూస్తే మంచాల మీద తెల్లటి గుడారాలు. మా బజారులో ఒకాయన వాళ్లావిణ్ణి చూడ్డానికి వచ్చి, దుప్పటి చూసి గుమ్మంలోనే కూలబడి ఏడుపు మొదలెట్టాడు. లోపలనుంచి ఆవిడ, ఇంకా పోలేదు, ఇడ్లీ తెచ్చావా అని అడిగాకగాని లేవలేదు. మెయిన్ స్విచ్చి ఉన్నచోట అన్నీ వైర్లే కనుక దాని మీద ప్లైవుడ్డు స్క్రూలతో బిగించి, రంగేసి, 'ఆరోగ్యమే మహాభాగ్యము' అని రాయించారు. రాసిన పెయింటరు కూడా, ఇదెప్పుడన్నా తియ్యాల్సొస్తే ఎట్టా అని అడిగాడు. తియ్యవలసిన అవసరం రాకూడదని ఉత్తర్వన్నారు.

ఇట్లా దాచడం పూర్తయ్యాక పైనుంచి రెండో సర్క్యులరు వచ్చింది. కొన్నిచోట్ల వైరు దాచే శ్రమ పడలేక అసలు వైరే పీకేసి, దాచామని రాస్తున్నారట. కనుక తంతువు కనిపించరాదు, కాని ఉన్నట్టు రుజువు ఉండాలి. కనపడకుండా ఉన్నదానికి రుజువేమిటని డాక్టరు గారు తల పట్టుకుంది. వేదాద్రి గారికి మాత్రం చిటికెలో తట్టింది.

"టీవీ నడుచుచున్నచో తంతువు ఉన్నట్లే. ఆపినచో లేనట్లే. కావున ఆపరాదు."

ఆనాటినుంచి టీవీని ఆపలేదు. రాత్రి హాలుకి తాళం వేసి అందరూ ఇళ్లకి పోయాక కూడా అది ఖాళీ కుర్చీలకి చేతులు కడుక్కోమని చెబుతూనే ఉండేది. స్విచ్చితో పని లేకపోయాక పటాన్ని జరిపే పనీ లేకపోయింది. దాని నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించారు. దాని వెనక స్విచ్చి ఉన్నదన్న సంగతి కాయితాల మీదనుంచి కూడా తీసేశారు. 'సదరు పటము వెనుక ఏమియు లేదు' అని వేదాద్రి గారు ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెట్టి జిల్లాకి పంపారు.

రాను రాను గోడ వెచ్చబడింది. అది మొదట కనిపెట్టింది మోకాళ్ల నొప్పుల ముసలాళ్లు. చలికాలం కదా, గోడకి నడుము ఆనించి కూర్చుంటే హాయిగా ఉందని ఒకరికొకరు చెప్పుకున్నారు. పక్క ఊళ్లనుంచి కూడా ఆటోలు కట్టించుకుని రావడం మొదలెట్టారు. మందులిచ్చే కిటికీ దగ్గరికంటే గోడ దగ్గర వరస పెద్దదైంది. ఎస్తేరమ్మ హడలిపోయి వేదాద్రి గారికి ఫోను చేసింది. ఆయన వచ్చి, గోడ మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యకుండా ఆలోచించి, నెలవారీ నివేదికలో 'ఉష్ణ చికిత్సా విభాగము' అని కొత్త శీర్షిక రాయించారు. కొన్నాళ్లకి గోడ ముట్టుకుంటే కరెంటు జివ్వుమనడం కూడా మొదలైంది. ముసలాళ్లు అదీ మంచిదే అనుకున్నారు. దాన్ని 'ఉత్తేజ చికిత్స' కింద రాసుకున్నారు. నేను కొట్లోంచి అరిచి చెప్పినా వినలేదు. ప్రభుత్వం ఊరికే పెడుతుందా, ఏదో ఉండబట్టే పెట్టింది అన్నారు. ఇదే ప్రభుత్వం కుళాయి పెట్టి నీళ్లివ్వని సంగతి వాళ్లకి ఆ వెచ్చదనంలో గుర్తురాలేదు.

మా ఆసుపత్రి జిల్లా బహుమతి పోటీకి ఎంపికైంది. పరిశీలన సభకి పాత పెద్దమనిషే మళ్లీ వచ్చాడు. ఈసారి ఫోటో ఏ కోణంలోంచి తీసినా ఆయన మెడ వెనక ఏమీ లేదు. సభకోసం హాలంతా కొత్త రంగు కొట్టారు. మైకు సెట్టు పెట్టారు, అతిథికి చెమట పట్టకుండా రెండు పెద్ద కూలర్లు పెట్టారు. వీటన్నిటి వైర్లూ కార్పెట్టు కింద నుంచి తీసుకుపోయి బీరువాలో దూర్చి, ఆ ఒక్క వైరు తోకకే తగిలించారు. పెద్దమనిషి మహనీయుడి పటానికి పూలదండ వేసి, దండం పెట్టి, తీగల్లేని భవిష్యత్తు గురించి మాట్లాడి, గెస్ట్‌హౌసుకి భోజనానికి వెళ్లిపోయాడు.

ఆ రంగు వాసనకి పిన్నికి పొద్దున్నుంచీ ఆయాసం. సభ అయ్యేదాకా ఆగాలన్నారు, ఆగింది. ఆగడమంటే ఏమిటో ఊపిరాడని మనిషికే తెలుస్తుంది. అతిథి కారు గేటు దాటగానే ఎస్తేరమ్మ బీరువా తెరిచి, మాస్కు తగిలించి, పిన్నిని స్టూలు మీద కూర్చోబెట్టింది. మిషను గుర్రుమంది. నాలుగు పీల్పులు పీల్చిందో లేదో, తలుపు పట్టుకున్న పిన్ని చెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది.

"అబ్బాయ్, బీరువా కొడతంది" అంది.

స్టూలుతో సహా వెనక్కి లాగేశాను. కూర్చున్నది చెక్క స్టూలు కాబట్టి బతికింది. అదే క్షణంలో గోడ లోపల టప్పుమని చప్పుడైంది. రంగు బొబ్బలెక్కి, పటం అంచులచుట్టూ సన్నగా పొగ రావడం మొదలైంది. గోడకి ఆనుకున్న ముసలాళ్లు వయసు మర్చిపోయి పరిగెత్తారు. ఆ పొగ రెండు గుక్కలు లోపలికి పోయేసరికి పిన్ని పెదాలు నీలంగా తిరిగాయి. మందున్న మిషను బీరువాలో ఉంది. బీరువాకి కరెంటుంది. పిన్ని నా చేతుల్లో ఉంది, ఆమెకి ఊపిరి లేదు.

"సార్, స్విచ్చి ఆపాలి" అంది ఎస్తేరమ్మ.

"ఏ స్విచ్చి?" అన్నారు వేదాద్రి గారు.

"పటం వెనకది సార్."

"పటము వెనుక ఏమియు లేదని నేను ధ్రువీకరించి ఉన్నాను."

"పొగొస్తంది సార్."

"పొగ విషయము వేరు. పైగా ఇప్పుడు పటమునకు పూలమాల ఉన్నది. అతిథి వేసిన మాలను ఇతరులు తీయుట మర్యాదోల్లంఘన. వేసినవారే తీయవలెను. వారు భోజనానంతరము విశ్రాంతి తీసుకొని వచ్చెదరు."

"మెయిన్ అన్నా ఆపండి" అని అరిచాను. ప్లైవుడ్డు మీద ఆరోగ్యమే మహాభాగ్యమని రాసి ఉంది. దాన్ని ఊడదీయాలంటే స్క్రూడ్రైవరు కావాలి. స్క్రూడ్రైవరు బీరువాలో ఉంది. సుహాసిని గారు ఒకసారి పిన్ని వంక, ఒకసారి నోడల్ అధికారి వంక చూస్తోంది. వేదాద్రి గారు పరిస్థితి తీవ్రత దృష్ట్యా అత్యవసర కమిటీ ఒకటి వేద్దామని, వరండాలో కుర్చీలు వేయమని చెబుతున్నారు. చెప్పొద్దూ, ఆ నిమిషంలో ఆయన పీక పిసకాలనిపించింది. రెండు చేతుల్లోనూ పిన్ని ఉంది కాబట్టి ఆగాను.

ఎస్తేరమ్మ చెప్పులు విడిచింది. పటం ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది.

"అయ్యా, మా ఇంట్లో కూడా నీ పటం ఉంది. మనుషులు బతకాలనేగా నువ్వు అంత కష్టపడ్డావు. ఏమనుకోబాక" అంది.

నేల తుడిచే కర్ర తీసుకుని, దండతో సహా పటాన్ని అంచునుంచి పైకి ఎత్తి మేకులు ఊడదీసింది. జాగ్రత్తగా కుర్చీలో నిలబెట్టింది. ఆ కర్రతోనే నల్లబడిన స్విచ్చిని పైకి కొట్టింది. టీవీ ఆగిపోయింది. ఆసుపత్రి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మాకు ఎన్నాళ్లకో తెలిసింది. కూలర్ల గాలి ఆగిపోయాక పిన్ని ఛాతీలో పిల్లికూత ఒక్కటే వినపడుతోంది.

మిషను బయటికి లాగితే పెట్టడానికి ప్లగ్గు లేదు, బోర్డులోది మాడిపోయింది. ఆసుపత్రిలో ప్లగ్గన్నదే కనపడకుండా చేశారు కదా. ఎస్తేరమ్మ మిషన్ని చంకలో పెట్టుకుంది, నేను పిన్నిని ఎత్తుకున్నాను, ఇద్దరం రోడ్డు దాటి మా కొట్లోకి పరిగెత్తాం. మా బోర్డుకి ప్లగ్గు పెట్టి మాస్కు తగిలించాక, పిన్ని పెదాల్లో రంగు మారేదాకా ఎస్తేరమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. నేను మా కొట్టు మెట్టుమీద కూర్చుని ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

విచారణ జరిగింది. విచారణాధికారిగా, సంఘటన పూర్వాపరాలు తెలిసినవారు కనుక, వేదాద్రి గారినే వేశారు. ఆయన నివేదిక చదివి వినిపించేటప్పుడు నేనూ ఉన్నాను. ఘటనా స్థలమందు ఎట్టి విద్యుత్ తంతువూ కనిపించలేదు. తంతువు లేనిచోట విద్యుత్ ప్రమాదము అసంభవము. పటము వెనుక స్విచ్చి లేదని ముందే ధ్రువీకరించడమైనది కనుక, నర్సు పటమును తీయుటకు కారణము లేదు. కారణము లేని పని జరిగెనని నమ్మలేము. కావున ఆమె పటమును తీయలేదు, ఆమెపై చర్య అవసరం లేదు. ఇంతవరకూ విని, పోనీలే, మూర్ఖత్వం కూడా ఒక్కోసారి మంచి చేస్తుందనుకున్నాను.

"ఇక పొగ విషయము" అని చదివారు ఆయన. "పొగ వచ్చిన సమయమున బీరువాలో తల ఉంచినది తిరపతమ్మ అను రోగి మాత్రమే. సదరు రోగి బీరువా చాటున చుట్ట కాల్చి ఉండవలెను. ఆయాసమునకు కూడా అదియే కారణమై ఉండును. కావున సదరు రోగికి ఆసుపత్రి ప్రవేశము నిషేధించడమైనది. ఆమె వినియోగించిన యంత్రమును పనికిరాని సామాను కింద తొలగించడమైనది."

మా పిన్ని జన్మలో చుట్ట ముట్టలేదు. ఆ మాట చెప్పబోతే, నిషేధితుల తరఫున వాదన వినే అధికారం తమకి లేదన్నారు. పనికిరాని సామాను కిందకి వచ్చిన మిషన్ని ఎస్తేరమ్మ చెత్తకుప్ప దాకా పోనివ్వలేదు, తిన్నగా మా కొట్టుకి తెచ్చింది. డాక్టరు సుహాసిని గారు చూసీ చూడనట్టు మందు సీసాలు పంపింది. ఓపీ అయిపోయాక ఎస్తేరమ్మ రోజూ వచ్చి పిన్నికి ఆవిరి పట్టేది. జిల్లా ప్రథమ బహుమతి మా ఆసుపత్రికే వచ్చింది.

బహుమతి బ్యానరు తీసుకుపోవడానికి వేదాద్రి గారు స్వయంగా వచ్చారు. అప్పటికే గేటు దగ్గర మేళం, జనం, ఫోన్లు పట్టుకున్న కుర్రకారు. బహుమతి ఇచ్చేవాళ్ల కార్లు పక్క ఊరు దాటాయని కబురు. మా కొట్లో పిన్ని మాస్కు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది, పక్కన ఎస్తేరమ్మ. మిషను వైరు కుర్చీ పక్కనుంచి బోర్డుదాకా తిన్నగా, ఏ దాపరికమూ లేకుండా ఉంది.

వేదాద్రి గారు గేటు వంక చూశారు, వైరు వంక చూశారు. మొహం పాలిపోయింది.

"ఆ తంతువు సంస్థ ముఖద్వారము నుండి గోచరించుచున్నది."

పిన్ని మాస్కు కొంచెం పక్కకి జరిపింది. "ఇదేనా నాయనా. కనపడతందిగా. పీకెయ్. ప్లగ్గు ఇదిగో, నీ చేతికందే ఎత్తులోనే ఉంది" అంది.

ఆయన ప్లగ్గు దాకా చెయ్యి చాచారు. మిషను గుర్రుమంటోంది. పిన్ని ఆయన కళ్లల్లోకే చూస్తోంది. తన మాట వినేవాళ్లు ఎవరన్నా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశారు గాని, ఆ పని ఇంకొకరికి పురమాయిద్దామంటే అక్కడ ఆయన కింద పనిచేసేవాళ్లు ఎవరూ లేరు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"తొలగించుట మా పరిధి కాదు" అన్నారు గొంతు సవరించుకుని. "దాచుట మాత్రమే."

దూరంనుంచి కార్ల హారన్లు వినపడ్డాయి. ఇక వేదాద్రి గారు ఆలోచించలేదు. బల్లమీదనుంచి తన బ్యానరు లాక్కుని, మడతలు విప్పి, పిన్నికీ రోడ్డుకీ మధ్య నిలబడి రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. కట్టడానికి మేకుల్లేవు. నన్ను అడిగారు, నా దగ్గరా లేవన్నాను. గేటు దగ్గర జనం మేళం వదిలేసి మా కొట్టు ముందు చేరారు. కుర్రాళ్లు ఫోన్లు ఎత్తారు. కార్లు వచ్చి ఆగాయి. బహుమతి తీసుకోవలసిన అధికారి ఏడని పైవాళ్లు మైకులో పిలుస్తున్నారు. ఆయన కదలలేకపోయారు, కదిలితే వైరు కనపడుతుంది. చెమటకి కళ్లజోడు ముక్కు మీదికి జారినా పైకి తోసుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

బ్యానరు వెనక మిషను మందు అయిపోయినట్టు గరగరమంది. వేదాద్రి గారు ఆశగా తల తిప్పారు.

"ఇంకో మందు పొయ్యి ఎస్తేరమ్మా" అంది పిన్ని. "ఇయ్యాల ఊపిరి బాగా ఆడతంది."

ఎస్తేరమ్మ పోసింది. పిన్ని కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్లు చాపుకుని, నెమ్మదిగా పీల్చుకోవడం మొదలెట్టింది. తొందరేమీ పడలేదు.